పలకరింపూ, పరామర్శా



మనుషులతో సంబంధాలు మెరుగుపరచుకోవడం ఎలా అన్న విషయం మీద నాలుగు మాటలు చెప్పమన్నారు. చాలా పెద్ద విషయం. ఏ పుస్తకాల షాపుకి వెళ్ళినా దీని మీద ఒక అర నిండుగా ఉంటుంది. 1936లో డేల్ కార్నెగీ రాసిన పుస్తకం ఇప్పటికీ అమ్ముడుపోతోంది. నేను అంత దూరం వెళ్ళను. మనం రోజుకి పదిసార్లు చేసే ఒక చిన్న పని గురించే మాట్లాడతాను. పలకరింపు. ఇద్దరు ఎదురుపడినప్పుడు మొదట వచ్చే ఆ ఒకటి రెండు ప్రశ్నలు. నేను ఐటీ కన్సల్టెంటుని కాబట్టి ఏడాదికో ఏడాదిన్నరకో ప్రాజెక్టు మారుతుంది, దానితోపాటు ఊరూ మనుషులూ మారతారు. కొత్తవాళ్ళతో మాట కలపడం, పాతవాళ్ళతో మాట తెగకుండా చూసుకోవడం నాకు తప్పనిసరి. అందుకని దీని గురించి కొంచెం ఎక్కువే ఆలోచించాను.

ముందు మన ఊళ్ళ సంగతి చూద్దాం. చేతిలో సంచీ పట్టుకుని బజారు వైపు నడుస్తున్న మనిషిని చూసి "ఏమండీ, బజారుకా?" అంటాం. ఆయన బజారుకే వెళ్తున్నాడని మనకి తెలుసు. మనకి తెలుసని ఆయనకీ తెలుసు. అయినా "ఆఁ, ఇలా కూరలకని" అని జవాబిస్తాడు. గుమ్మంలోకి వచ్చిన చుట్టాన్ని చూస్తూ "వచ్చావా?" అంటాం. ఇందులో కొత్త సమాచారం చేతులు మారలేదు. నువ్వు నాకు కనిపించావు, నిన్ను లెక్కలో ఉంచుకున్నాను అన్న మాట మాత్రం చేరింది. మాలినోవ్‌స్కీ అనే మానవశాస్త్రవేత్త పసిఫిక్ సముద్రంలోని ట్రోబ్రియాండ్ దీవుల్లో చాలాకాలం ఉండి వచ్చి, 1923లో ఇలాంటి మాటలకి 'ఫాటిక్ కమ్యూనియన్' అని పేరు పెట్టాడు. విషయం చెప్పడానికి కాకుండా మనుషుల్ని కలిపి ఉంచడానికి వాడే మాటలన్నమాట. మన భాషలో దానికి అంతకంటే చక్కని మాట ముందే ఉంది, పలకరింపు అని.

ఇక్కడి పలకరింపు "హౌ ఆర్ యూ". కొత్తగా వచ్చినవాళ్ళు దీంతో కాస్త తికమక పడతారు. ఆఫీసు వరండాలో ఒకాయన "హౌ ఆర్ యూ" అంటూనే ఆగకుండా నడిచిపోతాడు. జవాబు వినే ఉద్దేశం లేనప్పుడు అడగడం ఎందుకు, వీళ్ళదంతా పైపై మర్యాద, మనసు లేదు అని మనవాళ్ళు తేల్చేస్తారు. నాకా తీర్పు సరైనదనిపించదు. మన "బజారుకా?" అన్న మాట అమెరికన్ వింటే, నేనెక్కడికి వెళ్తే నీకెందుకు అనుకుంటాడు. మధ్యాహ్నం ఒంటిగంటకి పక్క సీటు అమెరికన్ని "భోజనం చేశావా?" అని ఇంగ్లీషులో అడిగి చూడండి. లంచ్‌కి పిలుస్తున్నారనుకుని లేచి కోటు తగిలించుకుంటాడు. రెండు చోట్లా జరుగుతున్న పని ఒకటే, ప్రశ్న మాత్రం వేరు. వాళ్ళ ప్రశ్నని మన లెక్కలో కొలిస్తే వాళ్ళు మనసు లేనివాళ్ళుగా కనిపిస్తారు, మన ప్రశ్నని వాళ్ళ లెక్కలో కొలిస్తే మనం ఆరాలు తీసేవాళ్ళం అవుతాం.

ఆఫీసులో అయితే ఈ పొరపాటు వారం రోజుల్లో సర్దుకుంటుంది. ఇంట్లోకి వచ్చినప్పుడే కష్టం. విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మానాన్నలకి సాధారణంగా ఆరు నెలలు ఉండనిస్తారు. ఆ ఆరు నెలల్లో ఇక్కడ పుట్టిన మనవడికీ తాతగారికీ మధ్య ఏం జరుగుతుందో చాలా ఇళ్ళలో చూశాను. తాతగారు పిల్లాడితో వచ్చీరాని ఇంగ్లీషులో "గివ్ మీ వాటర్" అంటారు. పిల్లాడు మొహం ముడుచుకుని "తాతయ్య ప్లీజ్ అనడు, ఎప్పుడూ ఆర్డర్లు వేస్తాడు" అని అమ్మకి ఫిర్యాదు చేస్తాడు. ఇదే తాతగారు తెలుగులో అయితే ఏమంటారు? "నాన్నా, కాస్త మంచినీళ్ళు ఇస్తావమ్మా" అంటారు. అందులో ప్లీజ్ అన్న మాట లేదు, నిజమే. కానీ "నాన్నా" ఉంది, "కాస్త" ఉంది, "ఇవ్వు" అనకుండా "ఇస్తావా" ఉంది, చివర మళ్ళీ ఒక "అమ్మా" ఉంది. నాలుగు ప్లీజులున్నాయి. ఆయన తలలో ఆ వాక్యాన్ని ఇంగ్లీషులోకి మార్చినప్పుడు ఈ నాలుగూ రాలిపోయి, ఉత్త ఆజ్ఞ మిగిలింది.

పెనెలోపీ బ్రౌన్, స్టీఫెన్ లెవిన్సన్ అనే ఇద్దరు మర్యాద గురించి 1978లో ఒక పెద్ద వ్యాసం రాశారు. 1987లో అది పుస్తకంగా వచ్చింది. వాళ్ళు ముఖ్యంగా పోల్చి చూసిన మూడు భాషల్లో ఇంగ్లీషు ఒకటి, మెక్సికోలోని త్సెల్టాల్ ఒకటి, మూడోది మన పొరుగు తమిళం. వాళ్ళు చెప్పిందేమిటంటే, ఎవర్ని ఏ సాయం అడిగినా అవతలివాళ్ళ మీద కొంత బరువు పడుతుంది, ఆ బరువు తగ్గించడానికి ప్రతి భాషా ఏదో ఒక ఉపాయం పెట్టుకుంటుంది. ఇంగ్లీషువాళ్ళు ఒక మాటని విడిగా తెచ్చి అతికించారు. మనం వరసల్లోనూ, క్రియల చివరా దాచుకున్నాం. అంతే తేడా.

ఇదే ఎదురు దిక్కులోనూ జరుగుతుంది. పిల్లాడు ఇంగ్లీషులో ఆలోచించి "నానమ్మా, నువ్వు నాకు పాలు ఇవ్వగలవా?" అంటాడు. "ఇవ్వలేకపోవడానికి నాకేమొచ్చిందిరా, కాళ్ళూ చేతులూ బానే ఉన్నాయిగా" అని ఆవిడ నవ్వుతుంది. పాలు తాగి "థాంక్యూ" అంటాడు. ఇక్కడ ఆవిడ నవ్వదు. "నాకు థాంక్సులేమిట్రా, పరాయిదాన్నా?" అంటుంది. మన ఇళ్ళలో దగ్గరివాళ్ళకి థాంక్స్ చెప్పే అలవాటు లేదు, చెప్తే దూరం పెట్టినట్టు ఉంటుంది. మనం చేసేది వేరు. "నీ చేతి ఆవకాయ రుచి ఇంకెవరికీ రాదు" అంటాం, లేకపోతే ఇంకో ముద్ద అడుగుతాం. పిల్లలకి ఈ తేడా ఐదేళ్ళ వయసులోనే చెప్పొచ్చు. "నానమ్మకి థాంక్యూ బదులు, బావుందని చెప్పి ఇంకొంచెం అడుగు" అంటే చాలు, ఇట్టే పట్టేస్తారు. అలాగే పెద్దవాళ్ళకి, వాళ్ళు వచ్చిన మొదటి వారంలోనే, "వీడికి ప్లీజ్ అంటే మీ 'కాస్త' లాంటిదండీ" అని చెప్పాలి. మా ఇంట్లో మా నాన్నగారు దాన్ని బాగా పట్టుకున్నారు. "ప్లీజు నాన్నా, కాస్త రిమోటివ్వమ్మా" అనేవారు. మనవడు చచ్చినట్టు ఇచ్చేవాడు.

ఇక ఫోను. ఇండియాకి ఫోను చేసినప్పుడు మనమందరం మాట్లాడే మాటలు ఇవి. బావున్నారా? బావున్నాం. తిన్నారా? తిన్నాం. పిల్లలు? బావున్నారు. ఇంకేంటి సంగతులు? ఏం లేవు, నువ్వే చెప్పాలి. ఒకప్పుడు ఫోన్ కార్డు గీకి, నిమిషాలు లెక్కపెట్టుకుంటూ మాట్లాడిన రోజుల్లో దీనికి అర్థం ఉంది. ఇప్పుడు వాట్సాప్‌లో గంటసేపు మాట్లాడినా పైసా ఖర్చు లేదు, అయినా "ఇంకేంటి" దగ్గర బండి ఆగిపోతుంది. పైగా మనం శనివారం పొద్దున్న కాఫీ తాగుతూ తీరిగ్గా చేసేసరికి అక్కడ సాయంత్రం, అమ్మ సీరియల్ చూసే సమయం. ఆవిడ ఒక కన్ను టీవీ మీద ఉంటే తప్పు పట్టకండి. ఆ సీరియల్లో ఏం జరిగిందో అడగండి, పది నిమిషాలు హాయిగా మాట్లాడుతుంది.

"ఇంకేంటి" అన్న మాటలో చిక్కేమిటంటే, అది ప్రశ్నలా కనిపిస్తుంది కానీ మోత మొత్తం అవతలివాళ్ళ మీద వేస్తుంది. హార్వర్డ్‌లో కొందరు పరిశోధకులు 2017లో ఒక అధ్యయనం ప్రచురించారు. సంభాషణలో ప్రశ్నలు ఎక్కువ అడిగేవాళ్ళని అవతలివాళ్ళు ఎక్కువ ఇష్టపడతారని, ముఖ్యంగా చెప్పినదాన్ని పట్టుకుని అడిగే రెండో ప్రశ్నకి ఆ గుణం ఉందని తేల్చారు. మా ఆఫీసు భాషలో ఫాలో అప్ అంటాం. ఆ అధ్యయనం కొత్తవాళ్ళ మధ్య మాటల మీద జరిగింది. అమ్మానాన్నల విషయంలో ఈ రెండో ప్రశ్నకి ఇంకో ఉపయోగం ఉందని నా అభిప్రాయం. మనవాళ్ళు ఒంట్లో బాగాలేకపోతే చెప్పరు. "అంత దూరంలో ఉన్నవాణ్ణి కంగారు పెట్టడం ఎందుకు" అని దాచేస్తారు. "ఆరోగ్యం ఎలా ఉంది?" అంటే "బ్రహ్మాండం" అనే జవాబు సిద్ధంగా ఉంటుంది. అదే "ఈ నెల షుగర్ పరీక్షకి ఏ రోజు వెళ్ళారు? ఎవరు తీసుకెళ్ళారు? పొద్దున్న తినకముందు ఎంత వచ్చింది?" అని అడగండి. అబద్ధం చెప్పడానికి మూడు అంకెలు కల్పించాలి, అంత ఓపిక ఎవరికీ ఉండదు. "మోకాలు ఎలా ఉంది?" బదులు "మేడ మీద బట్టలు ఇప్పుడెవరు ఆరేస్తున్నారు?" అంటే మోకాలి సంగతి దానంతటదే బయటికొస్తుంది.

ఒక చిన్న సాంకేతిక విషయం కూడా చెప్పుకోవాలి. 2009లో పది భాషల మీద జరిగిన ఒక అధ్యయనంలో, ఒకరు మాట ఆపాక రెండోవాళ్ళు అందుకోవడానికి పట్టే సమయం సగటున 200 మిల్లీసెకన్ల దరిదాపుల్లో ఉందని తేలింది. అంటే సెకనులో ఐదో వంతు. భాషల మధ్య తేడాలున్నా అన్నీ దాని చుట్టుపక్కలే. సముద్రాలు దాటి వచ్చే వీడియో కాల్‌లో ఆలస్యమే ఒక్కోసారి అంతకంటే ఎక్కువ ఉంటుంది. అందుకే అమ్మా మనమూ ఒకేసారి మాట్లాడతాం, ఒకేసారి ఆగుతాం. మనం అడిగినదానికి అక్కణ్ణించి అర సెకను నిశ్శబ్దం వస్తే, ఏదో ఇష్టంలేక తటపటాయించినట్టు చెవికి తోస్తుంది. అది నెట్‌వర్క్ పుణ్యం కావచ్చు. నాన్నగారు ముక్తసరిగా మాట్లాడారని మనసు చిన్నబుచ్చుకునే ముందు, మామూలు ఫోనుకి మార్చి ఇంకోసారి చెయ్యండి.

ఇప్పుడు మనలో మనం అడుక్కునే ప్రశ్నల దగ్గరికి వస్తాను. శనివారం రాత్రి ఎవరింట్లోనో పదిహేను కుటుంబాలు చేరతాయి. ప్లేటులో పులిహోర పెట్టుకుంటూ పక్కాయన "గ్రీన్ కార్డు ఎంతవరకు వచ్చింది?" అంటాడు. ఆయన దృష్టిలో అది "బజారుకా?" లాంటిదే. కానీ ఉద్యోగాల మీద ఇచ్చే గ్రీన్ కార్డుల్లో ఒక్కో దేశానికి సాధారణంగా 7 శాతం పరిమితి ఉంది కాబట్టి మనవాళ్ళు ఏళ్ళ తరబడి వరసలో నిలబడి ఉన్నారు. పిల్లలకి 21 ఏళ్ళు నిండితే తల్లిదండ్రుల వీసా వాళ్ళకి వర్తించదు. పదిహేడేళ్ళ కూతురున్న మనిషికి ఆ ప్రశ్న పులిహోర గొంతు దిగకుండా చేస్తుంది. "పిల్లలెప్పుడు?" అన్నదీ అంతే. ఆ దంపతులు ఆ పొద్దున్నే డాక్టర్ దగ్గర్నించి వచ్చి ఉండొచ్చు. ఊళ్ళో అందరి కష్టం అందరికీ తెలిసిన రోజుల్లో ఎవర్ని ఏం అడగకూడదో అడిగేవాళ్ళకి ముందే తెలిసి ఉండేది. ఇక్కడ ఎవరి ఇంట్లో ఏముందో తెలియదు. కాబట్టి తెలియని చోట తేలికైన ప్రశ్న మంచిది. "ఈ మధ్య ఏం వండుతున్నారు?", "మీ పెరట్లో కరివేపాకు చలికి తట్టుకుందా?" అని అడగండి. కరివేపాకు మొక్క మీద అరగంట మాట్లాడని తెలుగువాణ్ణి నేను ఈ దేశంలో చూడలేదు.

ఉద్యోగం పోయినవాళ్ళ విషయం వేరు. అక్కడ ఊరుకోకూడదు. హెచ్-1బి మీద ఉన్నవాళ్ళకి ఉద్యోగం పోతే, 2017 జనవరిలో అమల్లోకి వచ్చిన నిబంధన ప్రకారం, గరిష్ఠంగా 60 రోజులు గడువు. ఈలోగా ఇంకొకరు పిటిషన్ వెయ్యాలి, లేదా వేరే వీసాకి దరఖాస్తు పెట్టుకోవాలి, లేదా దేశం వదలాలి. అలాంటి మనిషికి ఏమనాలో తెలియక చాలామంది ఫోను చెయ్యడమే మానేస్తారు. ఆయనకి అది వెలివేసినట్టు అనిపిస్తుంది. మిగిలినవాళ్ళు "ఏమైనా కావాలంటే చెప్పు" అంటారు. మంచి మనసుతోనే అంటారు, కానీ అడిగే పని మళ్ళీ ఆయన మీదే పడింది. మనవాళ్ళు అడగరు. "నీ రెజ్యూమె ఈ రాత్రికి పంపు, రేపు మా మేనేజరుకి నేనే ఇస్తాను", "గురువారం నీకు ఇంటర్వ్యూ కదా, పిల్లల్ని స్కూలు నుంచి మా ఆవిడ తీసుకొస్తుంది" అంటే ఆయన కాదనక్కర్లేదు, అవుననక్కర్లేదు కూడా.

చివరిగా, అన్నిటికన్నా కష్టమైన పలకరింపు. పరామర్శ. ఈ దేశంలో ఉన్న మనందరికీ ఎప్పుడో ఒకప్పుడు అర్ధరాత్రి ఆ ఫోను వస్తుంది, లేకపోతే మన స్నేహితుడికి వస్తుంది. అక్కడివాళ్ళని ఫోనులో పరామర్శించాలంటే మనలో చాలామందికి నోరు పెగలదు. ఇంగ్లీషులో "ఐయామ్ సారీ ఫర్ యువర్ లాస్" అని ఒక వాక్యం ఉంది, తెలుగులో అలాంటిది లేదు. "మీ నష్టానికి చింతిస్తున్నాను" అంటే బ్యాంకు నుంచి వచ్చిన ఉత్తరంలా ఉంటుంది.

లేకపోవడానికి కారణం ఉంది. మన పద్ధతిలో పరామర్శకి వెళ్ళినవాళ్ళు ఓదార్పు వాక్యం చెప్పరు. కాసేపు ఊరికే కూర్చుని, తర్వాత "ఎలా జరిగింది?" అని అడుగుతారు. "ఎన్నింటికి? దగ్గర ఎవరున్నారు? రాత్రి భోంచేశారా? ఏమైనా మాట్లాడారా?" అవతలి మనిషి మొదటినుంచీ చెప్తుంది. ఆ సాయంత్రం కాఫీ అడగడం, గుండెలో మంటగా ఉందనడం, ఆటో కోసం పక్కింటి అబ్బాయి పరిగెత్తడం. ఇంకొకరు వస్తే మళ్ళీ మొదటినుంచీ చెప్తుంది. పది రోజుల్లో వందసార్లు చెప్తుంది. చిన్నప్పుడు ఇది చూసి, ఇంతమంది అడిగి అడిగి ఆవిణ్ణి ఏడిపిస్తున్నారే అనిపించేది. ఇప్పుడు నాకు అలా అనిపించడం లేదు. జరిగినదాన్ని మనిషి నమ్మడానికి అన్నిసార్లు చెప్పుకోవాలి, అన్నిసార్లూ వినేవాళ్ళు ఉండాలి. అందుచేత ఫోనులోనూ ఏం ఓదార్చాలా అని వెతుక్కోకండి. "పిన్నీ, నేను. ఎలా జరిగింది పిన్నీ?" అనండి, అని వినండి. మధ్యలో ఏడుస్తారు, అప్పుడు మాట్లాడకండి, ఫోను పెట్టెయ్యకండి. చావు ఇంటి నుంచి వచ్చేటప్పుడు "వెళ్ళొస్తాను" అని చెప్పకుండా లేచి వచ్చేస్తాం కదా, ఫోనులో అలా కుదరదు. "వేళకి ఇంత తిను పిన్నీ, రేపు మళ్ళీ మాట్లాడతాను" అంటే సరిపోతుంది. రేపు నిజంగా చెయ్యాలి.

అమెరికన్ సహోద్యోగి తండ్రి పోతే మాత్రం "ఎలా జరిగింది?" అని అడగకండి. వాళ్ళంతట వాళ్ళు చెప్తే వినండి. అక్కడ ఆ ఒక్క ఇంగ్లీషు వాక్యమే మర్యాద. అయితే ఒకటి మాత్రం రెండు వైపులా ఒకటే. మన ఊళ్ళలో చాలాచోట్ల చావు జరిగిన ఇంట్లో పొయ్యి వెలిగించరు, చుట్టాలూ ఇరుగుపొరుగువాళ్ళూ వండి పంపుతారు. ఇక్కడివాళ్ళూ వండిన గిన్నె పట్టుకుని గుమ్మంలోకి వస్తారు.

ఇక ఇక్కడ ఉండి అక్కడి తల్లినో తండ్రినో పోగొట్టుకున్న స్నేహితుడు. విమానం ఎక్కినా వెళ్ళేసరికి ఒక రోజు దాటుతుంది. పాస్‌పోర్టులో వీసా స్టాంపు గడువు తీరి ఉంటే, వెళ్ళాక తిరిగి రావడానికి కాన్సులేట్ అపాయింట్‌మెంటు కావాలి. పిల్లలు అమెరికా పౌరులై, ఓసీఐ కార్డు లేకపోతే, వాళ్ళకి ఇండియా వీసా కావాలి. కొందరు ఈ లెక్కలన్నీ వేసుకుని, ఫోను స్క్రీను మీద చితి చూసి ఊరుకోవలసి వచ్చింది. ఆ మనిషిని "వెళ్ళలేకపోయావా?" అని అడగకండి. ఆ ప్రశ్న తనని తాను రోజుకి వందసార్లు వేసుకుంటున్నాడు. వెళ్తున్నవాడైతే, పిల్లల వీసా ఫారం మీరు కూర్చుని నింపండి, ఎయిర్‌పోర్టులో దింపండి. వెళ్ళలేనివాడైతే అన్నం, పప్పు, ఒక కూర పట్టుకుని వెళ్ళి, "మీ నాన్నగారు ఏం చేసేవారు?" అని మొదలుపెట్టండి. ఈ ఊళ్ళో ఆయన్ని చూసినవాళ్ళు ఎవరూ లేరు. ఎవరో ఒకరు అడిగితే తప్ప చెప్పుకునే అవకాశమే అతనికి రాదు.

పదకొండో రోజో, పన్నెండో రోజో, ఒక్కొక్కరి ఆచారాన్నిబట్టి కర్మలు అయిపోతాయి. చుట్టాలు వెళ్ళిపోతారు, ఫోన్లు ఆగిపోతాయి. ఇల్లు నిజంగా ఖాళీగా అనిపించేది అప్పుడే. నేను అందుకని ఇలాంటి కబురు విన్న రోజునే కేలండర్లో మూడో వారానికి ఒక రిమైండర్ పెట్టుకుంటాను. ఆ రోజు చేసే ఫోనులో పోయినవాళ్ళ ఊసు నేను ఎత్తను. "ఇవాళ ఏం వండుకున్నావు పిన్నీ?" అంటాను. చాలాసార్లు జవాబు "ఒక్కదానికి ఏం వండుకుంటానురా, పొద్దుటి పెరుగన్నమే" అని వస్తుంది. అక్కణ్ణించి మాట్లాడుకుంటాం.